బుల్డోజర్ రాకముందే బిల్డింగ్ కూలిపోతుంది

ఈ ఎపిసోడ్ టాపిక్ చాలామంది చాలా రోజులుగా అడుగుతున్నదే. పాత బిల్డింగులు ఉంచాలా, పడగొట్టాలా?

ఈ ప్రశ్న ఎక్కడ వేసినా రెండు గుంపులు తయారవుతాయి. ఒక గుంపు "మన చరిత్ర, మన వారసత్వం" అంటుంది. రెండో గుంపు "ఏంది స్వామీ, ఆ పెచ్చులూడే గోడలు పట్టుకుని వేలాడతారు, ఊరు బాగుపడొద్దా" అంటుంది. ఇద్దరి దగ్గరా పాయింట్ ఉంది. కానీ నేను చదివిన కేసులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇంకో విషయం కనపడింది. ఇద్దరూ కొట్లాట మొదలుపెట్టే టైముకి ఆ బిల్డింగ్ కథ సగానికి పైగా అయిపోయి ఉంటుంది. బుల్డోజర్ రావడానికి ఇరవై, ముప్పై ఏళ్ల ముందే దాన్ని వదిలేసి ఉంటారు. ఈ రోజు ఆ ఇరవై, ముప్పై ఏళ్ల గురించి మాట్లాడుకుందాం.

ముందు మన తీరం నుంచే మొదలుపెడదాం. దుగరాజపట్నం పేరు వినే ఉంటారు. వాకాడు మండలం, పాత నెల్లూరు జిల్లా. 2014 రాష్ట్ర విభజన చట్టంలో ఇక్కడ పెద్ద పోర్టు కడతామని రాశారు కాబట్టి న్యూస్‌లో చాలాసార్లు వచ్చింది. కానీ ఈ ఊరికి ఇంకో పెద్ద కథ ఉంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఇక్కడ దిగి, గిడ్డంగి కట్టుకుని, దాని చుట్టూ కోట కట్టుకుని ఫిరంగులు పెట్టుకున్నారు. వాళ్ల రికార్డుల్లో ఈ చోటు పేరు ఆర్మగాన్. అంటే మద్రాసు ఇంకా పుట్టలేదు. కంపెనీ కోట మాత్రం మన తీరంలో ఉంది.

అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే ఆయన ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్లాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసుక నేల తీసుకున్నాడు. ఆ నాయకుడి తండ్రి పేరు చెన్నప్ప. చెన్నపట్నం అనే పేరు ఆయన నుంచే వచ్చింది. ఆ ఇసుక మీద కట్టిందే సెయింట్ జార్జ్ కోట. కంపెనీ వాళ్లు ఆర్మగాన్ ఖాళీ చేసి అక్కడికి వెళ్లిపోయారు.

ఇప్పుడు రెండు కోటల్నీ పోల్చండి. ఒకే కంపెనీ, పదిహేనేళ్ల తేడా, ఒకే సముద్రం, అదే ఉప్పుగాలి. ఇవాళ దుగరాజపట్నం వెళ్తే ఇదీ కోట అని చూపించేంత కట్టడం ఏదీ మిగల్లేదు. సెయింట్ జార్జ్ కోటలో మాత్రం ఇవాళ్టికీ తమిళనాడు అసెంబ్లీ జరుగుతోంది, సెక్రటేరియట్ నడుస్తోంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేవరకు మన నెల్లూరుని పాలించింది కూడా ఆ కోట నుంచే.

ఆర్మగాన్‌ని ఎవరూ పనిగట్టుకుని బుల్డోజర్ పెట్టి కూల్చలేదు. అందులో మనుషులు ఉండటం మానేశారు, అంతే. మద్రాసు కోటలో ఎవరో ఒకరు రోజూ తలుపు తీశారు. కప్పు కారితే తిట్టుకుంటూ అయినా మనిషిని పిలిపించారు. నాలుగొందల ఏళ్లకు దగ్గరగా ఒక బిల్డింగ్ నిలబడింది అంటే మొదట్లో కట్టిన రాయి ఒక్కటే కారణం అనుకోకండి. మధ్యలో లెక్కలేనన్ని చిన్న రిపేర్లు ఉన్నాయి.

ఇంకో తమాషా వినండి. 2010లో తమిళనాడు ప్రభుత్వం చెన్నైలో ఒమండూరార్ ఎస్టేట్‌లో కొత్త అసెంబ్లీ, సెక్రటేరియట్ కాంప్లెక్స్ ప్రారంభించింది. 2011లో ప్రభుత్వం మారింది, అసెంబ్లీ మళ్లీ పాత కోటకి వెళ్లిపోయింది. కొత్త కాంప్లెక్స్‌ని 2014లో సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్‌గా మార్చారు. దాని వెనక రాజకీయం ఉంది, అది అందరికీ తెలుసు. కానీ మనం పట్టుకోవాల్సిన పాయింట్ వేరే. కొత్త బిల్డింగ్ కూడా కట్టిన పనికే వాడాలని లేదు. పని మార్చొచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి, హైదరాబాద్ వెళ్లాక పనికొస్తుంది.

సరే, హైదరాబాద్. ఈ టాపిక్‌లో తెలుగు వాళ్లందరూ తెలుసుకోవాల్సిన కేసు ఉస్మానియా హాస్పిటల్.

1908 సెప్టెంబర్‌లో మూసీకి వరద వచ్చింది. వేల మంది చనిపోయారు. నది ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉన్న పాత హాస్పిటల్ కూడా దెబ్బతింది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, ఊరిని కొత్తగా ప్లాన్ చేశారు. ఆ ఊపులోనే విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్ట్‌తో హైకోర్టు, సిటీ కాలేజీ, కాచిగూడ రైల్వే స్టేషన్ డిజైన్ చేయించారు. మూసీ ఒడ్డున 1925కి పూర్తయిన ఉస్మానియా హాస్పిటల్ కూడా ఆయనదే. ఆ గుమ్మటాలు మీరు సినిమాల్లో చూసే ఉంటారు.

మొదట్లో అది ఎంత మందికి సరిపోయేలా కట్టారో, తర్వాత ఎంత మంది వచ్చారో ఆలోచించండి. రాష్ట్రం నలుమూలల నుంచి, పక్క జిల్లాల నుంచి, జేబులో డబ్బు లేనివాళ్లు ఆఖరి ఆశగా వచ్చే చోటు అది. రోగులు పెరిగారు, కరెంటు వైర్లు పెరిగాయి, ఏసీలు పెరిగాయి, పైపులు పెరిగాయి. గోడకి ఎక్కడ పడితే అక్కడ కన్నాలు పెట్టారు. బాత్‌రూములు అతికించారు. కానీ కప్పు మీద వాన నీళ్లు పోయే దారి ఎలా ఉందో చూసే మనిషి లేడు. పెచ్చులు ఊడి కింద పడటం మొదలైంది.

2015 జులైలో అప్పటి ప్రభుత్వం ఈ బిల్డింగ్ ప్రమాదకరం, కూల్చేసి కొత్తవి కడతాం అంది. ఇంటాక్ వాళ్లు, ఆర్కిటెక్టులు, ఊరి చరిత్ర పట్టించుకునే వాళ్లు ఒప్పుకోలేదు. రిపేర్ చేయొచ్చు అన్నారు. కేసులు హైకోర్టుకి వెళ్లాయి. కమిటీలు వచ్చాయి, రిపోర్టులు వచ్చాయి. ఇక్కడ చూడండి, కూల్చలేదు. బాగా చేయించనూ లేదు. ఏళ్లు గడిచాయి.

2020 జులైలో, కోవిడ్ మధ్యలో, పెద్ద వాన పడింది. డ్రైనేజీ పొంగి మురుగునీరు వార్డుల్లోకి వచ్చింది. మంచాల మీద రోగులు, కింద నీళ్లు. ఆ వీడియోలు అప్పుడు మనందరి ఫోన్లలో తిరిగాయి. మూసీ వరద తర్వాత కట్టిన హాస్పిటల్‌లోకి వందేళ్ల తర్వాత డ్రైనేజీ నీళ్లు! కొద్దిరోజుల్లోనే పాత బిల్డింగ్ ఖాళీ చేయించి తాళం వేశారు.

చివరికి 2025 జనవరి 31న, గోషామహల్‌లో కొత్త ఉస్మానియా హాస్పిటల్‌కి శంకుస్థాపన జరిగింది. 2,000 పడకలు అని చెప్పారు. అంటే కొత్త హాస్పిటల్ కట్టడానికి పాత బిల్డింగ్ చోటే కావాలి అన్న వాదన ఉందే, అది పక్కకి పోయింది. వేరే చోట స్థలం దొరికింది. 2015లో మొదలైన గొడవ, దాదాపు పదేళ్లకి ఇలా తేలింది.

ఈ కేసులో నా అభిప్రాయం నేరుగా చెప్తాను. రోగుల్ని ఆ బిల్డింగ్ నుంచి తీసేయడం కరెక్టే. ఎంత అందమైన గుమ్మటం అయినా, దాని కింద పడుకున్న మనిషి మీద పెచ్చు పడుతుంటే ఆ మనిషే ముందు. ఇందులో నాకు రెండో మాట లేదు. ఐసీయూకి కావలసిన ఆక్సిజన్ లైన్లు, లిఫ్టులు, ఇన్ఫెక్షన్ కంట్రోల్, ఇవన్నీ వందేళ్ల నాటి వరండాల్లో ఇరికించడం కష్టం. కానీ "ఇది హాస్పిటల్‌గా పనికిరాదు" అనేది ఒక వాక్యం. "దీన్ని కూల్చాలి" అనేది ఇంకో వాక్యం. పదేళ్లు ఈ రెండు వాక్యాల్నీ కలిపి మాట్లాడటం వల్ల నష్టపోయింది ఎవరు? వారసత్వం కావాలన్న వాళ్లూ, టవర్లు కావాలన్న వాళ్లూ సాయంత్రం ఇంటికి పోయారు. వార్డులో ఉన్నవాళ్లు మాత్రం ఆ మురుగునీళ్లు చూశారు.

ఇప్పుడు అదే ఊళ్లో ఇంకో రెండు బిల్డింగులు. ఎర్రమంజిల్ పేరు మెట్రో స్టేషన్ వల్ల తెలిసే ఉంటుంది. 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ప్యాలెస్, నూటయాభైకి పైగా గదులు. తర్వాత ప్రభుత్వ ఇంజినీర్ల ఆఫీసులు అందులో నడిచాయి. 2019 జూన్‌లో అది కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని తెలంగాణ క్యాబినెట్ నిర్ణయించింది, భూమిపూజ కూడా అయ్యింది. అదే ఏడాది సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

కోర్టు చెప్పింది మనలాంటి మామూలోళ్లకి పనికొచ్చే మాట, అందుకే కొంచెం ఆగి చెప్తాను. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాల్ని కాపాడటానికి రెగ్యులేషన్ 13 అని ఒక రూల్ ఉండేది. 2015 డిసెంబర్‌లో ప్రభుత్వం దాన్ని తీసేసింది. రూల్ పోయింది కాబట్టి బిల్డింగ్‌కి రక్షణ కూడా పోయింది అన్నది ప్రభుత్వ వాదన. కోర్టు ఒప్పుకోలేదు. జాబితాలో ఉన్న కట్టడానికి రక్షణ ఉందనీ, హెచ్‌ఎండీఏ అనుమతి లాంటి పద్ధతులు పాటించకుండా ఇలా నిర్ణయం తీసుకోకూడదనీ చెప్పింది. జాబితాలో పేరు ఉండటం ఎంత ముఖ్యమో చూశారా? అక్కడ ఒక లైను ఉంది కాబట్టి కోర్టులో నిలబడటానికి చోటు దొరికింది.

రెండోది సైఫాబాద్ ప్యాలెస్. ఆరో నిజాం కాలంలో 1888లో కట్టింది. పాత సెక్రటేరియట్‌లో జీ బ్లాక్ అంటే అదే. 2020 జులైలో మిగతా బ్లాకులతో పాటు అదీ నేలమట్టం అయ్యింది. ఆ స్థలంలో కొత్త సెక్రటేరియట్ 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. రెండు కేసుల్లో చట్టం పాయింట్లు వేరు, అది నేను కాదనను. కానీ ఒక తేడా నాకు బాగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఎర్రమంజిల్‌లో ఆఫీసులు నడిచాయి. జీ బ్లాక్ కూల్చేనాటికి ఏళ్ల తరబడి పాడుపడి ఉంది. తాళం వేసిన బిల్డింగ్ తరఫున మాట్లాడటం చాలా కష్టం ఫ్రెండ్స్. "అక్కడ ఎవరూ లేరు కదా, ఏం చేసుకుంటారు" అనే ఒక్క మాట ముందు వంద పేజీల చరిత్ర నిలబడదు.

దీనికి ఎదురు ఉదాహరణ అదే ఊళ్లో మొజంజాహీ మార్కెట్. 1935 నాటిది. పాడైపోయిన దశలో రిపేర్ మొదలుపెట్టి 2020 ఆగస్టులో మళ్లీ ప్రారంభించారు. సిమెంటు పూతలు గీకేసి, రాయి బయటపెట్టి, కప్పు సరిచేశారు. మ్యూజియం చేసి టికెట్ పెట్టలేదు. ఐస్‌క్రీం షాపులు ఐస్‌క్రీం అమ్ముతూనే ఉన్నాయి. సాయంత్రం పిల్లల్ని తీసుకుని జనం వస్తారు. దాన్ని కూలుస్తాం అని ఎవరైనా అంటే, ముందు ఆ ఐస్‌క్రీం తినేవాళ్లే ఊరుకోరు.

మన నెల్లూరులో కూడా ఒకటి చెప్పాలి. 1875లో మొదలైన వీఆర్ హైస్కూల్. కొన్నేళ్లు మూతపడి ఉంది. బాగుచేసి 2025 జులైలో మళ్లీ పిల్లలకి తెరిచారు. దాని మీద ఎవరి రాజకీయ అభిప్రాయం వాళ్లకి ఉండొచ్చు. నాకు మాత్రం అక్కడ పొద్దున బెల్లు కొడుతోంది అన్నదే పెద్ద విషయం.

ఇప్పుడు కొంచెం టెక్నికల్‌గా వెళ్దాం. నేను బీటెక్ చదివి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. అక్కడ లెగసీ కోడ్ అని ఒకటి ఉంటుంది. పదిహేనేళ్ల క్రితం ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్. కొత్తగా టీమ్‌లోకి వచ్చిన ప్రతివాడూ మొదటి వారం అనే మాట ఒకటే, "ఇదంతా తీసేసి మళ్లీ రాద్దాం." రాయడం మొదలుపెట్టాక తెలుస్తుంది, ఆ పాత కోడ్‌లో అర్థంకాని ప్రతి లైనూ ఎప్పుడో వచ్చిన ఒక సమస్యకి జవాబు అని. పాత బిల్డింగ్ కూడా అంతే. ఎందుకు అలా కట్టారో తెలుసుకోకుండా చెయ్యి పెడితే రిపేరే దాన్ని చంపేస్తుంది.

ఎలా అంటారా? మన ములాపేట, రంగనాయకులపేట, స్టోన్‌హౌస్‌పేట సందుల్లో పాత ఇళ్లు చూడండి. ముందు అరుగు, లావు గోడలు, ఎత్తు కప్పు. పాతకాలం ఇళ్లల్లో చాలావాటికి ఇటుకలు డంగు సున్నంతో అతికినవి. గానుగలో ఆడించిన సున్నం, ఇసుక, కొన్నిచోట్ల కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా కలిపేవాళ్లు. మన వైపు పులికాట్ సరస్సు గుల్లలు కాల్చి చేసిన గుల్ల సున్నం కూడా ఉంది. కప్పు చూస్తే మద్రాస్ టెర్రస్. టేకు దూలాలు, వాటి మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు.

సున్నం గోడ గాలి పీల్చుకుంటుంది. చెమ్మ లోపలికి వస్తుంది, ఎండకి బయటికి పోతుంది. దాని మీద మనం గట్టిగా ఉంటుందని సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తాం, పైన ఆయిల్ పెయింట్ కొట్టిస్తాం. ఇక చెమ్మకి బయటికి దారి లేదు. లోపలే ఉండి ఇటుకని పిండి చేస్తుంది. రెండు, మూడేళ్లకి ప్లాస్టరింగ్ ఉబ్బి ఊడిపోతుంది. అప్పుడు మనం ఏమంటాం? "గోడలో పస లేదు, పడగొట్టాల్సిందే." గోడని పాడుచేసింది మన రిపేరు, శిక్ష గోడకి!

అలాగని కొత్త కాంక్రీట్ బిల్డింగ్ ఎప్పటికీ ఉంటుంది అనుకోవద్దు, ముఖ్యంగా మన తీరంలో. మైపాడు వైపో, కృష్ణపట్నం వైపో సముద్రానికి దగ్గరగా కట్టిన స్లాబులు చూడండి. ఉప్పు మెల్లగా కాంక్రీట్‌లోకి దిగి లోపలి కడ్డీని తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది, పైన కాంక్రీట్ పగిలి పెచ్చులు రాలతాయి. నాసిరకంగా కడితే ఒక తరం కూడా గడవదు. పాతదాన్ని తీసి కొత్తది కట్టినంత మాత్రాన ఈ బాధ పోదు. దాన్నీ చూసుకోవాల్సిందే.

సరే, ఇప్పటిదాకా చెప్పిందంతా ప్రభుత్వం బిల్డింగుల గురించి. సొంత ఇల్లు అయితే? ఇక్కడ నేను వారసత్వం అభిమానులతో కొంచెం గొడవపడతాను. తాత కట్టిన ఇల్లు, నలుగురు అన్నదమ్ముల వాటా. ఒకళ్లు హైదరాబాద్, ఒకళ్లు అమెరికా, ఊళ్లో మిగిలింది పెద్దవాళ్లు ఇద్దరు. దూలం పుచ్చింది. టేకు దూలం మార్చాలంటే డబ్బు, డంగు సున్నం తెలిసిన మేస్త్రి దొరకాలంటే కష్టం. ఇంకోవైపు బిల్డర్ వచ్చి మీకు రెండు ఫ్లాట్లు ఇస్తాను అంటాడు. రోడ్డు మీద పోతూ ఫోటో తీసుకున్న మనం "అయ్యో, ఎంత అందమైన ఇల్లు, పడగొట్టేస్తున్నారు" అని స్టేటస్ పెట్టడం చాలా తేలిక. ఆ ఇంటి ఖర్చులో మన వాటా ఎంత? సున్నా.

ఊరికి ఆ ఇల్లు కావాలంటే ఊరు కూడా ఏదో ఒకటి పెట్టాలి. ఇంటి పన్నులో తగ్గింపు ఇవ్వొచ్చు. టీడీఆర్ కూడా వాడొచ్చు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకి బాండ్లు ఇవ్వడం మనకి తెలుసు. అదే లెక్క. ఈ స్థలంలో నువ్వు కట్టుకోగలిగిన అంతస్తులు ఇక్కడ కట్టకు, ఆ హక్కు ఇంకోచోట వాడుకో, లేదా అమ్ముకో. ముంబైలో వారసత్వ కట్టడాల రూల్స్ 1995 నుంచి ఉన్నాయి, అక్కడ ఈ పద్ధతి కూడా ఉంది. ఓనర్‌కి ఒక్క రూపాయి దారి చూపించకుండా "ముట్టుకోవద్దు" అని బోర్డు పెడితే ఆయన ముట్టుకోడు. వాన పడనిస్తాడు. గోడలో రావి మొక్క పెరగనిస్తాడు. అది దానంతటదే పడిపోయేదాకా ఎదురు చూస్తాడు. ఆయన స్థానంలో ఉంటే మనలో చాలామంది అదే చేస్తాం.

అన్నిటినీ ఉంచాలి అని కూడా నేను అనను. ప్రతి పాత గోడా చరిత్ర కాదు. నిజంగా పడిపోయేలా ఉన్నది ఉంటే, కింద మనుషులు తిరుగుతుంటే, తీసేయాలి. కాకపోతే ఆ మాట చెప్పాల్సింది పరీక్ష చేసిన స్ట్రక్చరల్ ఇంజినీర్. స్థలం మీద కన్నేసిన వాళ్లు చెప్పకూడదు.

అందుకే మీ ఊళ్లో ఈసారి ఇలాంటి గొడవ వస్తే ఉంచాలా, కూల్చాలా అని వెంటనే ఓటు వేయకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, దీని కప్పు, గోడలు ఎవరు పరీక్ష చేశారు, ఆ రిపోర్టు జనం చూడొచ్చా? రెండు, పాత పనికి పనికిరాకపోతే ఏ కొత్త పనికి పనికొస్తుంది? లైబ్రరీయా, ఆఫీసా, బడా, మార్కెట్టా? మూడు, ఏటా రిపేరు డబ్బు ఎవరి బడ్జెట్‌లో ఉంది? మూడో ప్రశ్నకి జవాబు లేకపోతే, ఎంత గొప్పగా రంగులేసి రిబ్బన్ కట్ చేసినా పదేళ్లలో మళ్లీ ఇదే వీడియో చేయాల్సి వస్తుంది.

ఇక మీకు ఒక పని. ఫోన్ చేతిలోనే ఉంది కదా. మీ ఊళ్లో యాభై ఏళ్లు దాటిన ఒక బిల్డింగ్ ఎంచుకోండి. బడి, సత్రం, టౌన్ హాల్, ఏదైనా సరే. అందరిలా గుమ్మం ముందు నిలబడి సెల్ఫీ తీయకండి. కప్పు నీళ్లు దిగే గొట్టం ఫోటో తీయండి. గోడ పైన రావి మొక్క ఉందేమో జూమ్ చేసి చూడండి. ఉంటే తేదీతో సహా ఫోటో పెట్టి మున్సిపాలిటీకి ఒక ఫిర్యాదు రాయండి, ఓనర్ తెలిసినవాళ్లయితే ఒక మాట చెప్పండి. వచ్చే వానాకాలం లోపు ఆ మొక్క పీకించారంటే, బ్యానర్లు పట్టుకునే పని మీ పిల్లలకి కొంచెం తగ్గుతుంది.

ఇదీ ఈ ఎపిసోడ్. మీరు ఒప్పుకోని పాయింట్ ఉంటే తప్పకుండా చెప్పండి, దాని మీద మళ్లీ మాట్లాడుకుందాం.